పెద్ద డబ్బాలోకి వచ్చిన చేను

ఇటు జరగండి, ఈ గడప దగ్గర గాలి బాగా వస్తుంది. చాప మీద నా పక్కన కూర్చుంటే, మా ఇంటాయన చేను చిన్న డబ్బాలోంచి పెద్ద డబ్బాలోకి ఎట్లా మారిందో చెబుతాను.

యాచారం దిక్కు మాకొక చెలక, వాన మీద పండే మెట్టచేను, ఉండేది. భూసేకరణలో అది పోయాక ఇబ్రహీంపట్నం వచ్చి ఇల్లు కట్టుకున్నాం. మోకాలి ఆపరేషన్ అయి మా ఆయన మంచం దిగలేని రోజుల్లో, పట్నంలో కొలువు చేసే మా బిడ్డ తన గేమ్ డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్లతో ఆడేది. అందులో ఒక సేద్యం ఆట. దున్నాలి, విత్తాలి, రోజూ నీళ్లు పోయాలి. పొద్దుపోవడానికని ఇచ్చింది పిల్ల. ఆయన మాత్రం మడి తడపనిదే పొద్దున టీ ముట్టేవాడు కాదు.

చిక్కల్లా తెర చిన్నది, ఆయన చూపు మందగించింది. మొలకేదో కలుపేదో తెలిసేది కాదు. నేను పక్కన కూర్చుని చెప్పేదాన్ని. నాకు అక్షరాలు అంతగా రావు గానీ రంగులు తెలుస్తాయి కదా. తడిసిన మడి ముదురుగా ఉంటుంది, తడవనిది లేతగా ఉంటుంది. "కుడి దిక్కు ఇంకోటి ఎండుతున్నది సూడు" అంటే అటు పోయేవాడు. చెలక పోయాక మేమిద్దరం అన్ని మాటలు మాట్లాడుకున్నది ఆ డబ్బా ముందరే.

ఆయన దాన్ని ముక్కుకు ఆనించుకుని చూడడం బిడ్డ కంట పడింది. శనివారం ఫోన్ చేసింది.

"బాపూ, గదే డబ్బాల పెద్ద తెరది వచ్చింది. రేపు తెస్తున్న. చిన్నది నా దోస్తుకిస్త."

"మరి నా చేను?"

"గది గూడ పెద్దదాంట్లకే వస్తది. ఫికర్ చెయ్యకు."

"ఎట్ల వస్తది బిడ్డా, నడుచుకుంట వస్తదా?"

పిల్ల నవ్వింది. ఆయన నవ్వలేదు.

మర్నాడు పొద్దున లేస్తూనే డబ్బా పట్టుకుని గోడ దిక్కు తిరిగి కూర్చున్నాడు. "సూసి చెప్పాల్నా?" అని అడిగితే, "అక్కర్లే, తియ్" అన్నాడు. బొటనవేలు ఆగకుండా ఆడుతూనే ఉంది. నీళ్లు పోస్తున్నాడనుకున్నాను.

బిడ్డ బస్సు దిగి వచ్చింది. కొత్త డబ్బా నా రెండు అరచేతులంత ఉంది. ఇంట్లోకి ఏ కొత్త సామాను వచ్చినా బొట్టు పెట్టనిదే నాకు మనసొప్పదు. కుంకుమ భరిణె తెచ్చాను.

"అమ్మా, తెర మీద వెట్టకు."

"ఎనుకకే వెడుతున్న తియ్. నాకు గంత తెల్వదా?"

రెండు డబ్బాలనూ మంచం మీద పక్కపక్కన పెట్టి బిడ్డ ఏదో నొక్కింది. తెర మీద ఒక గీత మెల్లగా నిండుతూ పోయింది. అది నిండేదాకా ఆయన కళ్లు ఇటు తిప్పలేదు. టీ చల్లారిపోయింది.

చేను వచ్చింది. ఇల్లు, కంచె, బావి, ఆయన పరిచిన రాళ్ల బాట అన్నీ వచ్చాయి. మళ్లు మాత్రం ఉత్త మన్ను. బిడ్డ ముఖం చిన్నబోయింది.

"అన్ని వచ్చినయి గని పంట రాలే బాపూ. ఏమైందో ఏమో." అటూ ఇటూ నొక్కి వెతకసాగింది.

"గింతగనం దేవులాడకు బిడ్డా. పంట నేనే పీకిన."

"పచ్చిదా? ఎందుకు బాపూ?"

"చేను పోతదంటే నిలవడ్డ పంటన్న ఎత్తుకోవాలె గద. పీకితే చేతికేం రాలే."

బిడ్డకు అర్థం కాలేదు. నాకు అయింది. చెలక వదిలిపెట్టమన్నప్పుడు జొన్న పాలకంకి మీద ఉంది. గింజ గట్టిపడేదాకా ఆగే వీలు లేక పచ్చిదే కోసుకున్నాం. చొప్ప పక్కింటి బర్రెలకు వేశాం. కంకులు కాల్చుకున్నాం గానీ నాలుగు గింజలు తిని పక్కన పెట్టేశాం. అప్పుడు బిడ్డ హాస్టల్లో ఉంది. ఎందుకో దానికి ఈ సంగతి చెప్పనే లేదు. ఇప్పుడు చెప్పాను.

పిల్ల చిన్న డబ్బాను వాళ్ల బాపు దిక్కు జరిపి అంది, "చిన్నది ఎవ్వలకియ్య తియ్ బాపూ. గీడనే ఉండనీ."

ఆయన పెద్ద డబ్బా వైపు చూస్తూ, "ఇచ్చెయ్. చేను ఇటొచ్చింది గద" అన్నాడు. "విత్తులున్నయా?"

"మస్తున్నయి."

దున్నడం మొదలుపెట్టాడు. తెర మీది కంచె దగ్గరికి పోయి ఒక్కసారి ఆగాడు.

"ఏమే, గిది సూడు. గిన్ని దినాలు రాయనుకొని సుట్టు తిరిగి పోయినం. పిట్టనే గిది."

నిజమే, రెక్కలు ముడుచుకుని కూర్చున్న పిట్ట. ఇక ఆయనకు నా కళ్లతో పని లేదనిపించి, వంట చూద్దామని లేచాను.

"యాడికి? గీ మడి తడిసిందో లేదో సూసి పో."

గడప దగ్గరి నుంచే కనబడుతోంది, నల్లగా తడిసి. అయినా పోయి పక్కన కూర్చున్నాను.

"తడిసింది" అన్నాను.

ఇంతసేపు విన్నారు. మీ ఇంట విత్తింది పండేదాకా మీ చేతుల్లోనే ఉండాలి. మంచం మీద తన పక్కన చోటిచ్చే మనిషి మీకెప్పుడూ ఉండాలి. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండండి.