గోడకు ఇవతలి సగం

ఇల్లు చూసుకోండని తలుపు తెరిచి పెడితే, గడప దాటకుండానే దాన్ని వేలంలో పాడుకున్న మనిషిని ఏమనాలి? తెలివితక్కువవాడంటే మనసొప్పదు. పట్టిన నియమం తప్పనివాడంటే అతని భార్య నరసమ్మ ముఖం గుర్తొస్తుంది. ఇన్నాళ్ళు ఆలోచించినా కూర్మనాథానికి అతికే మాట నాకు దొరకలేదు.

కూర్మనాథం బర్మాలో ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగిపోయినవాడు. పెళ్ళినాటి నుంచీ అద్దె గదులే. యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, అద్దెంటే ఏడాదిది ముందే పోసుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఇంటివాళ్ళు ఇంకాస్త కావాలంటారు. మళ్ళీ గిన్నెలూ పరుపులూ దేవుడి పటాలూ బండికెక్కించుకుని, ఇంకో వీధి, ఇంకో మేడ, ఇంకో వరస మెట్లు. ఎక్కి ఎక్కి నరసమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. "సచ్చేలోగా మనదనుకున్న నేల మీద ఓపాలి కాళ్ళు జాపుకుంతాను మావా" అనేది. ఆ మాట భర్తకు ముల్లులా గుచ్చుకునేది.

అలాంటి సమయంలో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఒక మూడో అంతస్తు ఇల్లు పన్ను బాకీ కింద వేలానికొచ్చింది. సొంతదారు ఎటు పోయాడో తెలియదు, ఏళ్ళ తరబడి పన్ను కట్టలేదు. నోటీసు మెట్ల గోడకు అంటించారు. కూర్మనాథానికి నిద్ర లేదు. పాత కరెంటు బాకీ ఎవరి నెత్తిన పడుతుంది, సొంతదారు తిరిగొస్తే ఏమవుతుంది, లోపలున్నవాళ్ళను పంపే పని ఎవరిది అని అడిగినవాళ్ళనే మళ్ళీ మళ్ళీ అడిగాడు. పన్నుల ఆఫీసు గుమాస్తా విసుక్కోకుండా, "ఊ కూర్మా" అని బర్మా మర్యాదతో పిలిచి చెప్పాడు: "ఉన్నది ఉన్నట్టు అమ్ముతాం. ముందు బాగా చూసుకోండి. తర్వాత మమ్మల్ని అడగడానికి లేదు."

చూపించే రోజు రానే వచ్చింది. కాని ఆ ఇంట్లో అద్దెకున్న యర్రయ్య ఆ వారంలోనే పోయాడు. పెద్దకర్మ ఇంకా కాలేదు. భార్య అచ్చమ్మ ఒక మూల కూర్చుని ఉంది. తలుపు బార్లా తెరిచే ఉంది. కూర్మనాథం మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఓపాలి తొంగి సూసొద్దుం" అంది నరసమ్మ.

"మైలింట్లోకా? ఇల్లు కొనుక్కుందుమని వొచ్చి మైల తొక్కుతావేటి?"

"పలకరింపుకెల్లినట్టు ఎల్దుం."

"పలకరింపు పలకరింపే, బేరం బేరవే. రెండూ కలిపీకు. ఊరుకో."

ఇంతలో ఇద్దరు బర్మావాళ్ళు చెప్పులు విడిచి లోపలికెళ్ళి, ఎంతోసేపు ఉండకుండానే బయటికొచ్చారు. ఒకడు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ చకచకా మెట్లు దిగిపోయారు.

"సూసేవా? సచ్చినింటికి బయపడ్డారొలే. మనకి పోటీ తగ్గింది" అన్నాడు కూర్మనాథం. ఆ సాయంత్రమంతా అతను ఈల వేస్తూనే ఉన్నాడు.

వేలంలో ఇల్లు అతనికే వచ్చింది. దాచుకున్నదంతా ఊడ్చిపెట్టుకుపోయింది. పెద్దకర్మ ముగించుకుని అచ్చమ్మ తన కూతురింటికి వెళ్ళిపోయాక, ఇల్లంతా కడిగించి, మంచి రోజు చూసుకుని లోపల అడుగుపెట్టారు. ముందు గది. ఆ గది చివర, వంటిల్లు ఉండవలసిన చోట, నిలువెత్తు ఇటుక గోడ. నీళ్ళ గొట్టం లేదు, పొయ్యి గట్టు లేదు, మరుగుదొడ్డి లేదు.

పక్కింటి కన్నారావు నవ్వుకుంటూ వచ్చాడు. వంటిల్లూ మరుగుదొడ్డీ పాత సొంతదారు దగ్గర ఎప్పుడో కొనుక్కుని, తన ఇంట్లో కలిపేసుకున్నాడట.

"ఏటి బావా, తలుపు తీసే ఉంచేరు కదా, సూసుకోనేదేటి?"

"మైల కదరా!"

"మైలకి గోడ కనబడదేటి? యర్రయ్య బతికున్నన్నాళ్ళూ మాయింట్లోనే ఒండుకునేవోడు."

కూర్మనాథం ఆఫీసుకు పరుగెత్తాడు. చూసుకోమని ముందే చెప్పాం కదా అన్నారు. వకీలు దగ్గరికెళ్ళాడు. కన్నారావు దగ్గర కాగితముంది, కోర్టుకెక్కితే నీ వయసు చాలదన్నాడు. గుడి దగ్గర కులపెద్దలు కూర్చుని, ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట కన్నారావు వంటిల్లు, అవసరానికి మరుగుదొడ్డీ వాడుకోనివ్వాలని తేల్చారు. ఆ తీర్పుతో కూర్మనాథం ఒంటికి నిప్పు పెట్టినట్టయింది. సొంతింట్లో ఉంటూ పక్కవాడి దయ మీద అన్నం వండుకోవడమా!

నరసమ్మే వెళ్ళేది. చేతులు కాలుతుండగా గంజి కారే కుండ గుడ్డతో పట్టుకుని, ఆ తలుపులోంచి వచ్చి ఈ తలుపులోకి దూరేది. కన్నారావు పెళ్ళాం కసరకపోయినా, కూర పోపు పెడుతుంటే పక్కనే నిలబడేది. కూర్మనాథం తిండి సగానికి తగ్గించేశాడు. ఎవరైనా వేలంలో ఇల్లు కొనాలనుకుంటున్నామంటే చాలు, దారిలో ఆపి, "లోనికెల్లి గోడలు తట్టి సూడండిరా" అని అరిచేవాడు. జనం నవ్వుకునేవారు.

ఒకరోజు సాయంత్రం వంటింట్లో నరసమ్మ చేపలు తోముతుంటే కన్నారావు కూర్మనాథాన్ని అక్కడికే పిలిచి కూర్చోబెట్టాడు.

"ఆ ముందు గది కూడా నాకిచ్చీ బావా. పాడిందానికి తగ్గించను. కూడు ఇలగ అడుక్కుని తినడం నీకూ బాగోనేదు, నాకూ బాగోనేదు."

కూర్మనాథం పెళ్ళాం వైపు చూశాడు. వద్దంటుందని కాబోలు.

నరసమ్మ తల ఎత్తలేదు. "ఇచ్చీ మావా" అంది. "సంచౌంగ్ పేటలో ఏదో గది అద్దికి సూసుకుందుం. వంటిల్లున్నది."

కూర్మనాథం మొలతాటికి కట్టుకున్న తాళంచెవి విప్పాడు. ముడి బిగుసుకుపోయి చాలాసేపు రాలేదు. కన్నారావు కత్తెర అందించబోతే తీసుకోలేదు. చివరికి విప్పి పొయ్యి గట్టు మీద పెట్టి, చొక్కా సర్దుకుని లేచాడు.

"టీ తాగెల్లు బావా!"

అతను మెట్లు దిగాడు. నరసమ్మ పొలుసు చేతులతోనే వరండాలోకి పరుగెత్తుకొచ్చి కిందకి చూసింది. రైలు స్టేషన్ వైపు నడుస్తున్నాడు. వీధి చివరి టీకొట్టుకు వెళ్ళినా సరే ఎల్లొస్తానని చెప్పకుండా కదలని మనిషి. "ఓ మావా!" అని కేకేసింది. బస్సు అడ్డొచ్చింది. అది కదిలి వెళ్ళేసరికి అక్కడ అతను లేడు.