ఆ రాజు ఎందుకు తిరిగి చూశాడు

మా మేనత్త పోయిందని పోయిన నెల కబురు వచ్చింది. జగదల్‌పూర్‌లో బస్సెక్కి, గీదం మీదుగా దంతెవాడ చేరేసరికి ఆమె గాజుల కొట్టు తలుపులు వేసి ఉన్నాయి. పగటిపూట ఆ తలుపులు వేసి ఉన్నాయంటే అత్త ఏదో పాత గుడి చూడటానికి వెళ్ళిందని అర్థం. ఆ అలవాటుతో, ఈసారి ఎక్కడికి వెళ్ళిందో అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా.

సంస్థానం పోయి కలెక్టర్లు వచ్చాక పుట్టిన మనిషి. రాజుల కాలం చూడలేదన్న కొరత ఆమెకు ఉండేది. ఎవరు ఏ పాత ముచ్చట చెప్పినా "నువ్వు పోయి చూసినవా?" అని అడిగేది. లేదని చెబితే "చూడకుంట ఎట్ల తెలుస్తది?" అనేది. బార్సూరులో ఆ పెద్ద వినాయకుడి చుట్టూ తిరిగి, ఇంత రాయిని ఎట్లా తెచ్చారో చెప్పమని కాపలావాడిని విసిగించింది. జగదల్‌పూర్‌లో ఒక పాత తెలుగు శాసనం ముందు నిలబడి, "మన అక్షరాలేనంట, మనకే కొరుకుడు పడ్తలేవు" అని నవ్వింది. గాజులు తొడగడం మామయ్యకు చేతకాదు. అరుగు మీద కూర్చొని, వచ్చినవాళ్ళతో "మా ఇంటామె రాజుల మీద ఎంక్వయిరీకి పోయింది, రేపు రాండ్రి" అనేవాడు.

ఆ ఇద్దరి మధ్య ఎప్పటికీ తెగని తగువు ఒకటి ఉండేది. దంతెవాడలో అందరికీ తెలిసిన కథే. ఓరుగల్లు నుంచి వచ్చిన రాజు వెనక అమ్మవారు నడిచిందట. వెనక్కి చూడకుండా ఎంత దూరం నడిస్తే అంత రాజ్యం. శంఖిని, డంకిని ఏర్లు కలిసే చోట ఇసుకలో ఆమె గజ్జెల చప్పుడు ఆగింది. రాజు తిరిగి చూశాడు, అమ్మవారు అక్కడే ఉండిపోయింది.

"నమ్మకం లేకనే చూసిండు," అనేవాడు మామయ్య.

"అంత దూరం నమ్మి నడిచినోడు, ఆడికొచ్చినంక నమ్మకపోవుడేంది?" అనేది అత్త.

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో నన్ను ఆ ఏటికి తీసుకువెళ్ళింది. కొట్టులోంచి తెచ్చిన గజ్జెలు నా కాళ్ళకు కట్టింది. మగపిల్లవాడికి గజ్జెలేమిటని నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎవ్వలు చూస్తలేరు గని, నా ఎనక రా. నేను మళ్ళి చూడ," అంది.

రాళ్ళ మీద గజ్జెలు గల్లుగల్లుమన్నాయి. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇసుక మెత్తబడింది, కాళ్ళు దిగబడ్డాయి, చప్పుడు ఆగిపోయింది. అత్త చటుక్కున తిరిగి చూసింది.

"చూడనన్నవు గదత్తా, ఓడిపోయినవ్."

"నమ్మక చూస్తనారా? నీళ్ళల్ల పడ్డవేమోనని పాణం ఆగలే." అక్కడే ఇసుకలో కూర్చుండిపోయింది. కాసేపటికి, "రాజు గూడ గట్లనే చూసిండేమోరా," అంది.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మామయ్య పడీపడీ నవ్వాడు. అమ్మవారికి ఏమవుతుందని ఆ రాజుకు బెంగ అన్నాడు. "ఆమెకేమైతది? ఆమె లేకుంటే ఈయనకు గద," అంది అత్త. మామయ్య ఒప్పుకోలేదు. నిజమేమిటో నాకూ తెలియదు. కానీ ఏ కోటకు వెళ్ళినా తారీఖుల కంటే ముందు మనిషిని వెతకడం ఆమె నేర్పిందే. అందుకు ఆమెకు ఎంత మొక్కినా తక్కువే.

ఆ ఏటి ఒడ్డునే చితి పేర్చారు. మంట అందుకున్నాక పెద్దాయన ఒకరు, "ఇగ నడువుండ్రి, ఎవ్వలు ఎనక్కి చూడొద్దు," అన్నారు. మన ఆచారం అది. మామయ్య ముందు, మేమంతా ఆయన వెనక, చెప్పులు లేకుండా ఇసుకలో నడిచాం. అంతమందిమి నడుస్తున్నా అడుగుల చప్పుడు లేదు. చితి చిటపటలు మాత్రం వెనక నుంచి వినిపిస్తున్నాయి. కొంత దూరం పోయాక అవీ ఆగిపోయాయి.

ముందు వెళుతున్న మామయ్య నిలబడిపోయాడు. నేను తల ఎత్తేసరికి ఆయన ముఖం మాకు ఎదురుగా ఉంది. కళ్ళు మా అందరినీ దాటి ఏటి ఒడ్డును చూస్తున్నాయి.