వేమూరులో దిగనివ్వని ఆవిడ

ఈ రోజు ఉదయం రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే రైల్లో నా ఎదురుగా అడవులదీవి అనే ఊరి అత్తాకోడళ్ళు కూర్చున్నారు. కోడలు సునీతకు తొమ్మిదో నెల. వేమూరులో చుట్టాలింట్లో ప్రార్థన కూటానికి వెళ్తున్నారు. సునీత మాటిమాటికీ కళ్ళు మూసుకుని కిటికీ ఊచ పట్టుకుంటోంది.

"గ్యాస్ నొప్పేనండి, పొద్దుట్నుంచీ ఇంతే" అన్నారు అత్తగారు.

భట్టిప్రోలులో తోటి కూలీలతో కలిసి ఎక్కిన ఒక కూలీ ఆవిడ కాసేపు చూసి, సునీత పొట్ట మీద చెయ్యి వేసింది.

"నడుంలో మొదలై ముందుకొస్తందా అమ్మా?"

"అవును పిన్నీ."

"లేచి నిలబడితే తగ్గుతందా?"

"లేదు, ఇంకా ఎక్కువవుతంది."

నన్ను టైము చూడమంది. నొప్పి ఐదేసి నిమిషాలకు వస్తోంది.

"ఇవి కాన్పు నొప్పులే. వేమూరులో దిగొద్దు, తెనాలి ఆసుపత్రికి పోండి."

అత్తగారు సందేహిస్తుంటే మెల్లగా చెప్పింది: "నా తొలికాన్పుకి మేమూ అజీర్తి అనుకుని ఇంట్లోనే ఉండిపోయామమ్మా. బిడ్డ దక్కలేదు."

"అయితే తెనాలికే పోదాం" అన్నారు అత్తగారు. నేను 108కి ఫోన్ చేశాను. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ సునీత నడుం రుద్దుతూ, "బిగబట్టకు, నోటితో మెల్లగా ఊపిరి వదులు" అంటూనే ఉంది. వేమూరులో తన తోటి కూలీలంతా దిగిపోయినా తను దిగలేదు. తెనాలిలో సునీతను అంబులెన్సు ఎక్కించాకే వెనక్కి వెళ్ళింది.

దిగేటప్పుడు నా నంబరు తీసుకున్న అత్తగారు సాయంత్రం ఫోన్ చేశారు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం.

"ఆవిడ పేరేంటండి? ప్రార్థనలో చెప్పుకుందామని."

రెండు కాన్పులూ ఆపరేషన్లే అయిన నేను, నొప్పుల గురించి దారిలో ఆవిడను అన్నీ అడిగి తెలుసుకున్నాను గానీ పేరు మాత్రం అడగలేదు. భట్టిప్రోలు వైపు వాళ్ళెవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి.