శెట్టి మోకాలూ, అంగడి పరుపూ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. ప్రొద్దుటూరు ఎండకు నీడ కూడా నీడ వెతుక్కుంటోంది. అక్కడి ఒక ఆసుపత్రిలో ‘వాల్యూ బేస్డ్ హెల్త్‌కేర్’ అమలు చేయించడానికి ప్రొఫెసరుగా వెళ్లాను. ఎన్ని ఆపరేషన్లు చేశామని కాక, పెట్టిన ఖర్చుకు రోగి బతుకు ఎంత బాగుపడిందని చూసే పద్ధతి అది. దాని మీద నేనిచ్చే ఉపన్యాసాలకు సీలింగ్ ఫ్యాన్లు సైతం కునుకు తీసేవి.

ఆ ఆసుపత్రి సర్జన్ గర్వంగా చూపించిన కేసు నగల వ్యాపారి సుబ్బయ్య శెట్టిది. చేసింది ‘నీ రీప్లేస్‌మెంట్’, అంటే మోకాలి కీలు మార్పిడి. ఆ ఎక్స్‌రే ఎంత ముచ్చటగా ఉందంటే పెళ్లిచూపులకు పంపవచ్చు. నొప్పి లేదు, నడక భేషు. మా కొలతలన్నిటిలోనూ ఫస్టు క్లాసు.

తీరా ఇంటికి వెళ్లి చూస్తే, శెట్టి రాజ్యం పోగొట్టుకున్న చక్రవర్తిలా మంచం మీద ఉన్నాడు.

“అంగడి మూసేస్తానంటాండాడు సార్,” అంది ఆయన భార్య. “పొద్దస్తమానం ఇంట్లో కూచోని నా తిరగమాతకు వంకలు పెడతాండాడు.”

“బాగా నడుస్తున్నారు కదా?” అన్నాను శెట్టితో.

“నడిచేదానికి నేనేమన్నా పోస్టుమ్యానా? అంగట్లో పరుపు మీద కూచునేదానికి చేయించుకుంటి. డాక్టరేమో కింద కూచోవద్దంటాండాడు.”

“కుర్చీ వేసుకోండి.”

“కుర్చీలో కూచుంటే గుమస్తా అనుకుంటారప్పా! పరుపు మీద తూచిన బంగారమే మావాళ్లు నమ్మేది.”

మరునాడు సర్జన్‌ను ఆ అంగడికి లాక్కెళ్లాను. పరుపు మీద ఆయనే మఠం వేసుకుని కూర్చుని చూశాడు. లేపడానికి నేనూ శెట్టీ చెరో రెక్కా పట్టాం. ఇంకాస్త ఆలస్యమైతే క్రేనుకు కబురు పంపేవాళ్లమే. రొప్పు తగ్గాక సర్జన్ అన్నాడు: “ఈయన దిగలేకపోతే పరుపునే పైకెత్తుదాం.”

వడ్రంగి కుర్చీ ఎత్తున చెక్క అరుగు కట్టాడు. పైన అదే పరుపు, అదే తెల్లదుప్పటి. కాళ్లు వేలాడేసుకున్నా గల్లాపెట్టె చాటున ఎవరికీ కనబడవు.

మొదటి బేరం చాపాడు నుంచి వచ్చిన ఒకామె.

“ఏంది శెట్టీ, సింహాసనమెక్కినావు! కిరీటం యాడ?”

“మోకాల్లో పెట్టినార్లే అక్కా. ముందు గాజులు చూడు!”

ఆపరేషన్ గెలిచినా మనిషి ఓడిపోవచ్చని ఆ కేసు నేర్పింది. అప్పటినుంచి కత్తి పట్టకముందే అడుగుతున్నాం: “ఈ మోకాలితో నీకేం పని?” జమ్మలమడుగు టీచరమ్మ బస్సెక్కాలంది. పులివెందులలో చీనీ, అంటే బత్తాయి తోట ఉన్న పెద్దాయన మీసం దువ్వి, “బుల్లెట్టుకు కిక్కు కొట్టాల సార్,” అన్నాడు.

నేను నవ్వాను. సర్జన్ నవ్వలేదు. “ఎన్ని కిక్కులకు స్టార్టవుతాది పెద్దాయనా, నీ బండి?” అని అడిగాడు.