జడ ముందుకు వేసుకున్న రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్లో వాన కోసం ఎదురుచూసే రోజులంటే పేకాట రోజులే. దుక్కులు అయిపోయేవి, విత్తనం శెనక్కాయలు మూటల్లో సిద్ధంగా ఉండేవి, మబ్బు మాత్రం పట్టేది కాదు. పని లేని మగవాళ్లు మధ్యాహ్నం మా చిన్నాయన గొర్రెల కొట్టంలో చేరి 'ఇరవై ఒకటి' ఆడేవారు. ముక్కల విలువ కలుపుకుంటూ ఇరవై ఒకటికి దగ్గరగా ఆగాలి, దాటితే ఓడినట్టే. చేతుల్లో డబ్బు ఆడని కాలం కాబట్టి శెనక్కాయలే పందెం. మొదట దోసెడు, తర్వాత శేరు, పట్టుదల పెరిగితే మూట.

నా బడి ఐదో తరగతితోనే ఆగిపోయింది, చదవడం ఆగలేదు. నాయనమ్మను మేము జేజి అంటాం. ఆమె వేంపల్లె సంతకు పోయినప్పుడల్లా వెంట పోయి, బేరాలు ముగిసేదాకా గ్రంథాలయంలో కూర్చుని దొరికిందల్లా చదివేదాన్ని. అట్టలు ఊడిన ఒక లెక్కల పుస్తకంలో పేకముక్కలను లెక్కపెట్టే పద్ధతి కనిపించింది. రెండు నుంచి ఆరు దాకా ఏ ముక్క పడినా ఒకటి కలపాలి. పది, బొమ్మలు, ఆసు పడితే ఒకటి తీసేయాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిదిని పట్టించుకోకూడదు. లెక్క పెరిగిందంటే కట్టలో పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలాయని అర్థం, పందెం పెంచాల్సింది అప్పుడే. కట్టంతా అయిపోయేసరికి లెక్క మళ్లీ సున్నాకు రావాలి. రాలేదంటే మనం ఎక్కడో తప్పాం.

ఆ సున్నా నన్ను పట్టుకుంది. చిన్నాయన పాత కట్ట తీసుకుని రోజూ సాధన చేశాను. చిన్నదీ పెద్దదీ పక్కపక్కన పడితే రెండూ కొట్టివేసుకుంటాయని తెలిశాక వేగం వచ్చింది. జేజి బోరింగు దగ్గర బిందె నింపుకుని వచ్చేలోపు కట్ట మొత్తం ముగించి సున్నా దగ్గర ఆగేదాన్ని. ఊళ్లో పెద్దవాళ్లకెవరికీ రానిది నాకు వచ్చిందన్న గర్వం నేల మీద నిలవనిచ్చేది కాదు.

చిన్నాయన అది చూశాడు. "ఇంత బుర్రను ఇంట్లో పెట్టుకొని నేను రోజూ ఓడిపోతాండానా!" అని నెత్తి కొట్టుకున్నాడు. కొట్టంలో ఒక మూల కాయలు ఒలుచుకుంటూ కూర్చోమన్నాడు. లెక్క బాగా పెరిగినప్పుడు నేను జడ ముందుకు వేసుకోవాలి. అదే గుర్తు.

ఆ జడ పక్కింటి అక్క వేసింది. మా అమ్మ పొద్దున్నే కూలికి పోయేది కాబట్టి రోజూ అక్క గడప మీదే నా తల దువ్వడం జరిగేది.

ఆ మధ్యాహ్నం ముక్కలు పంచే వంతు అక్క భర్తది. పంచేవాడు అందరి పందేలకూ ఎదురు నిలవాలి. ఆయన్ను నేను బావా అని పిలిచేదాన్ని. లెక్క తక్కువగా ఉన్నంతసేపు చిన్నాయన దోసెడు దోసెడే పెట్టాడు. నా జడ ముందుకు వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారిగా పెంచాడు. లెక్క తెలిసినంత మాత్రాన ప్రతిసారీ గెలవరు, కానీ ఆ రోజు అదృష్టం కూడా తోడైంది.

"ఏమప్పా, ఈ పొద్దు నీ చేతికేం తగిలింది?" అన్నాడు బావ.

"గొర్రెల వాసన తగిలింది. పంచప్పా, పంచు!"

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. చివరికి ఆయన మూట పెట్టాడు, దాన్ని రాబట్టుకోవాలని రెండో మూట పెట్టాడు, అదీ పోయింది. వాళ్ల చేనుకు ఉన్న విత్తనం ఆ రెండు మూటలే. నాకు తెలియదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకోబోయాను. తెలుసు. తెలిసే జడ ముందుకు వేసుకున్నాను.

చిన్నాయన మర్నాడే వాటిని వేంపల్లెలో అమ్మేసి, నాకు ఎర్ర రిబ్బను తెచ్చాడు. ఆదివారం పొద్దున దాన్ని నా జడకు కట్టింది అక్కే. "శానా బాగుండాది పాపా, ఎవురు తెచ్చినారు?" అంది. చర్చికి ఆలస్యమవుతోందని లేచి ఇంటికి పరుగెత్తాను.

ఆ ఆదివారం మా చర్చిలో విత్తనాల ప్రార్థన. విత్తే ముందు ప్రతి ఇంటివాళ్లూ చాటలో కాసిని కాయలు తెచ్చి ముందు పెడితే, అయ్యగారు ఒక్కో చాట మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. అక్క చాట మీద గుడ్డ కప్పి ఉంది. అయ్యగారు గుడ్డ కొంచెం ఎత్తారు. అందులో ఉన్నవి గింజలు ఒలిచేసిన ఒట్టి డొప్పలు. అక్క తల వంచుకుంది. ఆయన గుడ్డ మళ్లీ కప్పి, దాని మీద మిగతావాటి కంటే ఎక్కువసేపు చెయ్యి ఉంచారు.

జేజి ఆ చాటను చూసింది, తర్వాత నా రిబ్బనును చూసింది. ఇంటికి రాగానే అడిగింది. అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "ఆ విద్యేందో నాకు చూపించు" అని ఎదురుగా కూర్చుంది. నేను కట్టంతా పంచాను. చివరి ముక్క పడేసరికి, సిగ్గు లేకుండా, ఆ పాత గర్వమే మళ్లీ వచ్చింది.

"చూడు జేజీ, సున్నా. ఒక్కటీ తప్పలేదు."

"మరి వాళ్ల రెండు మూటలు దాంట్లో యాడ పడినాయే?"

జేజి మా విత్తనం మూటలు విప్పి, నా చేతికి కొలిచే శేరు ఇచ్చి, ఖాళీ గోతాం నోరు తెరిచి పట్టుకుంది. "సగం దీంట్లో పొయ్యి. లెక్కపెట్టకుండా పొయ్యి" అంది. పోశాను. కానీ తల ఊరుకోలేదు. నలభై ఒక్క శేర్లు.

ఇద్దరం ఆ గోతాన్ని అక్క ఇంటికి మోసుకెళ్లాం. "మాకు విత్తనం ఎక్కువైంది, పురుగు పట్టేట్టు ఉండాది" అంది జేజి. అక్క కాసేపు నన్నే చూసింది. ఆ వారమే వాన పడింది. ఆ ఏడు వాళ్ల చేను సగం, మా చేను సగం బీడుగానే ఉండిపోయాయి. చిన్నాయనతో జేజి పంట ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

గోతాం ఇచ్చి వచ్చిన మర్నాడు పొద్దున అక్క గడప దగ్గరికి భయంభయంగా పోయాను. ఎప్పటిలాగే దువ్వింది, అల్లింది. లేవబోతుంటే జడ నా భుజం మీదుగా ముందుకు జారింది. అక్క దాన్ని పట్టుకుని మెల్లగా వెనక్కి వేసి, "ఈడనే ఉండనీ పాపా" అంది. ఆమెకు ఎవరు చెప్పారో, ఎంత తెలుసో, నేను అడగలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ అడగలేకపోయాను.

ఇప్పుడు మా మనవడు ఫోనులో అదే ఆట ఆడుతుంటే, పక్కన కూర్చున్న నా తలలో లెక్క దానంతటదే నడుస్తుంది. కట్ట అయ్యేసరికి సున్నాకు వస్తుంది. ఆ నలభై ఒకటి మాత్రం అలాగే ఉంది. జుట్టు నెరిసి పలచబడింది. అయినా జడ అల్లుకున్నాక అది ముందుకు జారితే, నేను ఏమీ అనుకోకముందే నా చెయ్యి దాన్ని వెనక్కి నెట్టేస్తుంది.