దారంతో కోసిన రొట్టె

కువైట్‌లోని ఫర్వానియాలో ఒక చిన్న ఇండియన్ బడిలో ఓబులమ్మ ఆయా. కడప మనిషి. ఏ పిల్ల పుట్టినరోజుకి కేకు వచ్చినా ఆవిడ కత్తి ముట్టదు. చూపుడువేలికి చుట్టుకున్న తెల్లదారం విప్పి, రెండు కొసలూ పట్టి లాగి, ఒకటో తరగతి ముప్పై రెండు మందికీ సమానంగా కోస్తుంది. కేకు తెచ్చిన పిల్లకీ అంతే, ఎన్నడూ తేలేని పిల్లకీ అంతే. బడికి రానివాళ్ళ ముక్క కాగితంలో చుట్టి, "ఇది రజియాది, దావలో తినేస్తివా చూడు," అని పక్కింటి పిల్ల చేతికిస్తుంది.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. ఇళ్ళు వదిలినవాళ్ళకి బడే నీడయింది. ఒకటో తరగతిలో మిగిలింది అయిదుగురే. ఇండియాకి బయల్దేరిన తక్కినవాళ్ళు ఎడారి దాటారో లేదో చెప్పే ఫోను లేదు. సెప్టెంబరులో, ఆ అయిదుగురిలో స్నిగ్ధకి ఆరేళ్ళు నిండిన రోజు ఓబులమ్మ డబ్బా అడుగున ఉన్న పిండితో మందంగా రొట్టె చేసి, అలవాటు కొద్దీ ముప్పై రెండు ముక్కలు కోసింది. అయిదుగురూ తమవి తినేసి మిగతావాటికేసి చూస్తున్నారు. "తినండి నాయనా. వాళ్ళొచ్చినాక మళ్ళా చేస్తాలే," అంటూ వాళ్ళ నోళ్ళలో పెట్టసాగింది. "ఇది రజియాది. ఇది హర్‌ప్రీత్‌ది. ఇది మేరీది." స్నిగ్ధ వాళ్ళమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "అట్లా పేర్లు చెప్పి పెట్టొద్దు ఓబులమ్మా. పోయినవాళ్ళకి పెట్టినట్టుంది." చెయ్యి గాల్లో ఆగిపోయింది. పిల్లలు నోళ్ళు తెరుచుకునే ఉన్నారు. ఆమె మళ్ళీ పెట్టడం మొదలుపెట్టింది, పేర్లు పైకి అనకుండా. చివరి ముక్క దాకా పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.