మా నాయనమ్మ లిల్లీ సెంటు

మా నాయనమ్మ మల్లవ్వ ఇంట్లో ఏ మూలన ఉందో నేను కళ్లు మూసుకుని చెప్పగలను. నాచారంలో మందుల సీసాలకు లేబుళ్లు అంటించే పని చేసేది. సాయంత్రం గేటు చప్పుడు కంటే ముందు ఆమె లిల్లీపూల సెంటు లోపలికి వచ్చేది. పూసుకున్న కొత్తలో కాడ తుంచినట్టు పచ్చిగా ఉంటుంది. కాసేపటికి పాలు కాగినట్టు కమ్మగా మారుతుంది. ఎండ ముదిరితే మాత్రం షేర్ ఆటోలో పక్కవాళ్లకు తలనొప్పే. పదో తరగతి తప్పినదాన్ని, ఇంతకంటే బాగా చెప్పలేను.

తాత పోయినప్పుడు మా అత్త పద్మశ్రీ ఇంకా బడికి పోతోంది. నేను పుట్టలేదు. పదకొండో రోజున నాయనమ్మ తలలో పూలు తీసేసి, ఇక జన్మలో పెట్టుకోవద్దన్నారు. నెల తిరక్కుండానే ఆమె ఉప్పల్ చౌరస్తాలో ఈ సెంటు కొంది. తాత అక్క లక్ష్మీనర్సమ్మ ముక్కు మూసుకుంది. వాళ్లిద్దరూ ఆ తగువు ఏటా కొత్తగా ఆడుకుంటారు గనుక నాకది నోటికి వచ్చు.

"జర సిగ్గుండాలె మల్లవ్వా. గా పూలు పీనుగ మీద ఏస్తరు."

"పెండ్లి మండపానికి గూడ కడ్తరు వదినె. పూలు పెట్టొద్దన్నరు, పెడ్తలేను. వాసన సంగతి ఎవ్వలు జెప్పలే."

మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విన ఏడాది అత్తకు మా ఇంట్లో ఒడిబియ్యం పోశారు. పెళ్లయిన ఆడబిడ్డ కొంగులో పసుపు కలిపిన బియ్యం పోసి, దీవించి పంపడం అది. ముత్తైదువలే పోయాలి. కన్నతల్లయినా నాయనమ్మ పోయకూడదు. లక్ష్మీనర్సమ్మ ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి, "గా సెంటు కడుక్కో" అంది. నాయనమ్మ బుద్ధిగా తలూపి, ఇంకో రెండు చుక్కలు పూసుకుంది.

"నా బిడ్డకు నేను పొయ్యొద్దా?" అని నన్ను అడిగింది. నా జవాబు కోసం ఆగలేదు.

హాల్లో ఐదో ముత్తైదువ చేతులు దులుపుకుంటుండగా లిల్లీ వాసన వచ్చింది. దాని వెనకే నాయనమ్మ.

"నువ్వెందుకొచ్చినవ్? ఐదుగురు పోసిన్రు, అయిపోయింది" అంది లక్ష్మీనర్సమ్మ.

"మీ లెక్క అయిపోయింది గదా. ఇది నాది."

"అరిష్టమే. పిల్ల సంసారం ఖరాబైతది."

"నీ తమ్ముడు పోయినంక ఇది ఎవ్వల చేతి బువ్వ తిని పెరిగింది వదినె? గప్పుడు తగలని అరిష్టం గీ గింజలకు తగుల్తదా?"

అందరూ అత్త వైపు చూశారు. కొంగు ముడి వేసుకోవలసిన అత్త దాన్ని ఇంకాస్త వెడల్పుగా పట్టింది.

"పొయ్యే అమ్మా, చేతులు గుంజుతున్నయ్."

నాయనమ్మ దోసిలి నిండా పోసింది. మళ్లీ పోసింది. మూడోసారికి బియ్యం కొంగు దాటి నేల మీద చిందాయి. ఒడిబియ్యం తొక్కితే పాపం, ఆ పట్టింపు అందరికంటే ఎక్కువ లక్ష్మీనర్సమ్మకే. మూలుగుతూ వంగి, నాయనమ్మ పాదాల చుట్టూ గింజలు ఏరసాగింది.

"జర కాలు తియ్యి" అంది.

"ముందుగాల అటు దిక్కువి ఏరు వదినె" అంది నాయనమ్మ, దోసిలి మళ్లీ నింపుకుంటూ.